వనభోజనాలకు బయల్దేరే ముందు: కయోటీల గురించి తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికా, కెనడాల్లోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, వనభోజనాల కమిటీలకు, క్యాంపింగ్ ఏర్పాట్లు చూసే వాలంటీర్లకు నమస్కారం.

కార్తీకం దగ్గర పడుతోందంటే మీకు చేతినిండా పని. పార్కులో షెల్టర్ దొరకాలి, కేటరర్‌తో బేరం కుదరాలి, కుండీలో ఉసిరి మొక్క ఎవరింట్లో బతికుందో కనుక్కోవాలి, తంబోలా టికెట్లు అచ్చు వేయించాలి. ఈ పనుల చిట్టాలో ఇంకొక్కటి చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం. మీరు బుక్ చేసే పార్కుల్లో, ఫారెస్ట్ ప్రిజర్వుల్లో, క్యాంప్‌గ్రౌండ్లలో దాదాపు అన్నిచోట్లా కయోటీలనే కుక్కజాతి అడవి జంతువులు తిరుగుతాయి. హవాయి తప్ప అమెరికాలో అవి లేని రాష్ట్రం లేదు. అవి మనిషిని కరవడం అరుదు. కరిచినప్పుడు మాత్రం వెనక్కి వెళ్లి చూస్తే చాలాసార్లు ఒకటే వరస కనిపిస్తుంది: ముందు ఎవరో తిండి పెట్టారు, దానికి మనిషంటే బెదురు పోయింది, తర్వాత వచ్చిన వేరెవరో కాటు తిన్నారు. ఒక్కపూటలో మూడు నాలుగు వందల మందికి అడవి అంచున అన్నం పెట్టేవాళ్లం మనం. ఆ వరసలో మొదటివాళ్లం మనం కాకూడదు.

ముందు జంతువు సంగతి. దీన్ని చూసి మనవాళ్లలో కొందరు నక్క అంటారు, కొందరు తోడేలు అంటారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు చాలామంది ఊరకుక్క అనుకుంటారు. మూడు పొరపాట్లలో మూడోదే ప్రమాదకరం. ఊరకుక్క అనుకున్నవాళ్లు "పాపం, బక్కచిక్కిపోయింది" అని బిస్కెట్టు వేస్తారు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. బూడిద, గోధుమ రంగులు కలిసిన ఒళ్లు, సన్నటి పొడుగాటి మూతి, తలకు మించినట్టుండే నిక్కబొడిచిన చెవులు, సన్నని కాళ్లు. తోక గుబురుగా ఉండి, కొసన నల్లగా ఉంటుంది. పరుగెత్తేటప్పుడు కూడా తోకను కిందికే వాల్చి ఉంచుతుంది. టెక్సస్, కాలిఫోర్నియా వైపు 10 నుంచి 16 కిలోలు తూగుతుంది. తూర్పు రాష్ట్రాల్లో, కెనడా తూర్పున తోడేలు రక్తం కలిసినవి ఉండటంతో 20 కిలోల దాకా పెరుగుతాయి. చలికాలపు బొచ్చుతో చూస్తే ఇంకా పెద్దదనిపిస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం దాకా అందుకోగలదు. కాబట్టి పరుగెత్తి తప్పించుకుందామన్న ఆలోచన పిల్లల మనసులోంచి ముందే తీసేయాలి.

రాత్రి అరుపులు వినగానే పెద్ద మంద చుట్టుముట్టిందని కంగారు పడేవాళ్లున్నారు. రెండు మూడు కయోటీలు గొంతులు మార్చి మార్చి అరిస్తే పది పన్నెండు ఉన్నట్టే వినిపిస్తుంది. అవి తమవాళ్లను పిలుచుకుంటున్నాయి, ఇది మా హద్దు అని పక్క మందకు చెబుతున్నాయి, అంతే. మన మీదికి వస్తున్నాయని దానికి అర్థం కాదు.

వాటి ఏడాదికీ మన ఏడాదికీ పొంతన చూడండి. జనవరి నుంచి మార్చి దాకా జతకట్టే కాలం. అప్పుడు మగవి మొండిగా ఉంటాయి, పెంపుడు కుక్కను పోటీగా చూస్తాయి. ఉగాది వెళ్లాక, ఏప్రిల్, మే నెలల్లో బొరియల్లో పిల్లలు పుడతాయి. ఒక ఈతకు నాలుగు నుంచి ఏడు. మన క్యాంపింగులు, జులై నాలుగో తేదీ పిక్నిక్కులు సరిగ్గా తల్లిదండ్రులు పిల్లల్ని కాపాడుకునే రోజుల్లో పడతాయి. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఎదిగిన పిల్లలు కొత్త చోటు వెతుక్కుంటూ విడిపోతాయి. వేట ఇంకా సరిగా రాని, ఆకలి మీదున్న కుర్ర కయోటీలు కొత్త దారుల్లో తిరిగేది అప్పుడే. మన కార్తీక వనభోజనాలూ అప్పుడే.

దూకుడు అన్నిసార్లూ ఒకే కారణం వల్ల రాదు. కారణాన్ని బట్టి మనం చేయాల్సింది మారుతుంది కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాం.

మొదటిది తిండికి మచ్చికైన కయోటీ. వాంకూవర్ స్టాన్లీ పార్కులో 2020 డిసెంబరు నుంచి 2021 ఆగస్టు దాకా 45 మందిపై దాడులు నమోదయ్యాయి. జాగింగ్ చేసేవాళ్లు, సైకిలు తొక్కేవాళ్లు, చిన్నపిల్లలు అందులో ఉన్నారు. పార్కును రాత్రిళ్లు మూశారు, చివరికి మొత్తం 11 కయోటీలను చంపారు. ఆ తర్వాత నగర పార్కు బోర్డు తన పార్కుల్లో వన్యప్రాణులకు తిండి పెడితే జరిమానా అని నిబంధన తెచ్చింది. డాలస్‌లో 2022 మే నెలలో ఇంటి వరండాలో ఉన్న రెండేళ్ల బాబును కయోటీ కరిచింది. ఆ వీధిలో కొందరు దానికి తిండి పెట్టి మచ్చిక చేశారని తర్వాత బయటపడింది. మనవాళ్లు వేల సంఖ్యలో ఉన్న ఫ్రిస్కోలో 2018 చివర్లో ఎల్డొరాడో పార్క్‌వే పరిసరాల్లో జాగింగ్ చేసేవాళ్ల మీద దాడులు జరిగాయి. ఉత్తర అమెరికాలో కయోటీల వల్ల మనుషులు చనిపోయిన ఘటనలు నమోదైనవి రెండే. మొదటిది 1981లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో, బలైంది మూడేళ్ల పాప. తర్వాత ఆ ఇంటికి అర మైలు చుట్టుపక్కల 80 రోజుల్లో 55 కయోటీలను పట్టుకున్నారు. ఇళ్ల దగ్గర తిండి దొరికితే తప్ప అంత చిన్న చోట అన్ని బతకవు.

రెండోది పిల్లల్ని కాచుకునే కయోటీ. వేసవిలో కాలిబాటన నడుస్తుంటే, ముఖ్యంగా పక్కన కుక్క ఉంటే, కొంత దూరంలో ఒకటి వెంటే వస్తుంది. మనం ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది, ఒక్కోసారి మొరుగుతుంది. అది వేటాడటం లేదు. బొరియ దగ్గర్నుంచి మనల్ని సాగనంపుతోంది. అప్పుడు దాన్ని అదిలించకూడదు, తరమకూడదు. వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రావాలి.

మూడోది జబ్బుపడ్డదో దెబ్బతిన్నదో. 2020 జనవరిలో యెల్లోస్టోన్‌లో మంచు మీద స్కీయింగ్ చేస్తున్న ఒకామెను కయోటీ కరిచింది. దాన్ని చంపి పరీక్షిస్తే ఎముకల గూడులా ఉంది, కింది దవడలో ముళ్లపంది ముళ్లు దిగి ఉన్నాయి. వేటాడలేని జంతువు దేనికైనా తెగిస్తుంది. పట్టపగలు తూలుతూ, చొంగ కారుస్తూ, మనల్ని చూసినా పట్టనట్టు నడిచేది కనిపిస్తే దాని జోలికి వెళ్లకుండా అందరినీ కార్లలోకి ఎక్కించి రేంజర్‌కు ఫోన్ చేయాలి. పట్టపగలు కనిపించినంత మాత్రాన మాత్రం రేబిస్ ఉన్నట్టు కాదు. వేసవిలో పిల్లల్ని మేపాలి కాబట్టి అవి పగలూ వేటాడతాయి.

ఈ మూడింటిలోనూ ఇమడనిది ఒకటుంది. దాన్ని దాచి, తిండి పెట్టకపోతే ఏ భయమూ లేదని చెప్పడం తప్పవుతుంది. పైన చెప్పిన రెండు మరణాల్లో రెండోది ఇదే: 2009 అక్టోబరులో కెనడాలోని కేప్ బ్రెటన్ హైలాండ్స్ నేషనల్ పార్కులో, స్కైలైన్ ట్రైల్ మీద ఒంటరిగా నడుస్తున్న టేలర్ మిచెల్ అనే 19 ఏళ్ల గాయని కయోటీల దాడిలో చనిపోయింది. షికాగోలో 2000 నుంచి కయోటీలను పరిశోధిస్తున్న స్టాన్లీ గెర్ట్ బృందం ఆ పార్కు కయోటీలకు రేడియో కాలర్లు కట్టి చూసింది. అవి మనుషుల తిండి మీద బతుకుతున్నవి కావు. అక్కడ చిన్న జంతువులు తక్కువ, అందుకని గుర్రమంత ఎత్తుండే మూస్ అనే పెద్ద దుప్పిని వేటాడటం నేర్చుకున్నాయి. పెద్ద ఎరకు అలవాటుపడ్డ మంద ఒంటరి మనిషిని కూడా ఎరగా చూసిందని వాళ్లు తేల్చారు. ఇటువంటి చోట్లు చాలా తక్కువ. కానీ ఎక్కడ అడుగుపెడుతున్నామో తెలియనప్పుడు ఒంటరిగా, ఖాళీ చేతులతో వెళ్లకూడదనడానికి ఇదొక్కటి చాలు.

ఇక మన వనభోజనాల సంగతి. ఊళ్లో ఎంగిలి విస్తళ్లు పెరటి అవతల వేస్తే కుక్కలు, పందులు, ఆవులు తినేవి. మిగిలిన అన్నం చెట్టు కింద పెడితే ఏదో ఒక ప్రాణి కడుపు నిండుతుందని, పారేయడం పాపమని మనకు చిన్నప్పటినుంచి చెప్పారు. మంచి మనసుతో చేసే ఆ పనే ఇక్కడ ఆ ప్రాణి చావుకు వస్తుంది. మనిషి దగ్గరికి రావడం నేర్చుకున్న కయోటీని, అది ఎవర్నైనా కరిచిందంటే, చంపేస్తారు. మీ సభ్యులకు ఈ మాట ఇలాగే చెప్పండి. చట్టం, జరిమానా అని చెబితే వినని పెద్దవాళ్లు కూడా "మనం పెట్టిన ముద్దే దాన్ని చంపుతుంది" అంటే వింటారు. చట్టం కూడా ఉంది. నేషనల్ పార్కుల్లో వన్యప్రాణులకు తిండి పెడితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు.

పనిలో చేయాల్సింది ఇది. వంద మందికి నలుగురు చొప్పున ఒక శుభ్రత బృందాన్ని ముందే పేర్లతో ప్రకటించండి. వాళ్లకు వడ్డన పని పెట్టకండి. రెండూ పెడితే వడ్డనే జరుగుతుంది, రెండోది చీకటి పడ్డాక గుర్తొస్తుంది. వంద మందికి మందపాటి పెద్ద చెత్త సంచులు కనీసం ఆరు తెచ్చుకోండి. బిర్యానీ ఎముకలు, పెరుగన్నం, సాంబారు లాంటి తడి చెత్తకు సంచిలో సంచి వేయాలి. పల్చటి సంచిని మేక ఎముక చీరేస్తుంది, కారు దాకా నేల పొడుగునా చారిక మిగులుతుంది. రాత్రి ఆ చారిక పట్టుకునే జంతువు వస్తుంది. పార్కు డబ్బాలు మన పిక్నిక్‌కు సరిపోవు. నిండిన డబ్బా పక్కన సంచులు పేర్చి వెళ్లిపోవడమే మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. డబ్బా మూత గట్టిగా పడకపోతే ఆ సంచి మన కారులోనే తిరిగి రావాలి. పికప్ ట్రక్కు ఉన్న సభ్యుణ్ణి ఒకరిని ముందే ఒప్పించుకోండి.

గారెలు, బజ్జీలు వేసిన నూనెను పొదల్లో పారబోయకూడదు. అయిదు లీటర్ల నూనె చల్లారడానికి గంట పైనే పడుతుంది కాబట్టి చివరి వాయి త్వరగా ముగించి, వచ్చిన డబ్బాలోకే తిరిగి పోయండి. గంజి, గిన్నెలు కడిగిన నీళ్లు, సాంబారు అడుగు అన్నీ మూత బిగిసే అయిదు గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్‌లోకి. అటువంటివి రెండు చాలు. పిల్లలు కూర్చుని తిన్న గడ్డి మీద చిప్స్ ముక్కలు, మొక్కజొన్న కంకులు, పండ్ల తొక్కలు ఏరడానికి పెద్ద పిల్లల్నే పెట్టండి, వాళ్లకు కిందివి బాగా కనిపిస్తాయి. పండ్ల తొక్కలు మట్టిలో కలిసిపోతాయిలే అని వదలకండి. కయోటీ మాంసమే తింటుందనుకోవడం పొరపాటు. ఎలుకలు, కుందేళ్లతో పాటు పండ్లు కూడా ఇష్టంగా తింటుంది.

వేళ గురించి గట్టిగా చెప్పాలి. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళతాయి. ఆ మర్నాటి నుంచి షికాగో, న్యూజెర్సీల్లో నాలుగుంబావు, అయిదు మధ్యే సూర్యుడు అస్తమిస్తాడు, డాలస్‌లో అయిదున్నరకు. మన కార్యక్రమాల్లో బహుమతుల పంపిణీ ఎప్పుడూ అనుకున్నదానికి గంటన్నర ఆలస్యం. ఆ రోజుల్లో భోజనం పన్నెండున్నరకే పెట్టించి, సూర్యాస్తమయానికి ముప్పావుగంట ముందు చివరి కారు కదిలేలా చూడండి. నిధి వేట లాంటి ఆటల కోసం పిల్లల్ని చెట్లలోకి పంపాలంటే మధ్యాహ్నమే పంపండి, ప్రతి అయిదుగురికీ ఒక పెద్దవాళ్లు తోడుండాలి. షెల్టర్ బుక్ చేసేటప్పుడే రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఈ నెలలో ఇక్కడ కయోటీలు మనుషుల దగ్గరికి వచ్చినట్టు ఫిర్యాదులేమైనా ఉన్నాయా? మూసిన దారులున్నాయా?" ఉన్నాయంటే చోటు మార్చండి, అడ్వాన్స్ పోయినా సరే.

కాలిఫోర్నియాలో రెక్స్ బేకర్, రాబర్ట్ టిమ్ అనే నిపుణులు కయోటీలకు బెదురు పోయే క్రమాన్ని మెట్లు మెట్లుగా రాశారు. మొదట రాత్రిళ్లు వీధుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. తర్వాత రాత్రిపూట పెంపుడు పిల్లులు, కుక్కలు మాయమవుతాయి. తర్వాత తెల్లవారుజామున, సాయంత్రం వెలుతురుండగానే తిరుగుతాయి. ఆపైన పగలే కుక్కల్ని తరుముతాయి, గొలుసు పట్టుకున్న యజమాని ఎదుటే కుక్క మీద పడతాయి, జాగర్ల వెంటపడతాయి. చివరికి మిట్టమధ్యాహ్నం పిల్లల ఆటస్థలాల దగ్గర తచ్చాడతాయి, పెద్దవాళ్లనే ఎదిరిస్తాయి. మీ సభ్యుల వాట్సాప్ గుంపుల్లో వచ్చే ఫొటోలను ఈ మెట్లతో సరిచూసుకోండి. రాత్రి డోర్‌బెల్ కెమెరాలో కనిపించిందంటే కంగారు అక్కర్లేదు. పగలు కుక్కను తరిమిందంటే ఆ రోజే నగరపు యానిమల్ కంట్రోల్‌కు చెప్పాలి. గుంపులో పెట్టి ఊరుకుంటే ఫిర్యాదు చేసినట్టు కాదు.

ఎదురుపడితే ఏం చేయాలి? ఇంగ్లిషులో దీన్ని హేజింగ్ అంటారు, దానికంటే మన మాటే బాగుంది: అదిలించడం. పొలంలో పక్షిని, దొడ్లో దూడను అదిలించినట్టే. కానీ అందులో మనకు అలవాటైన ఒక భాగం ఇక్కడ పనికిరాదు. ఊళ్లో కుక్క మీదికొస్తే వంగి రాయి తీసినట్టు నటిస్తాం, కుక్క పారిపోతుంది. మన రాయి దెబ్బ ఎలా ఉంటుందో దానికి తెలుసు. కయోటీకి తెలియదు. వంగిన మనిషి దాని కంటికి చిన్నబడ్డ మనిషి, మెడ అందుబాటులోకి వచ్చిన మనిషి. అందుకే విసరాల్సినవి ముందే చేతిలోనో జేబులోనో ఉండాలి: రెండు టెన్నిస్ బంతులు, నాలుగు గులకరాళ్లు, లేదా ఖాళీ సోడా డబ్బాలో పదిహేను ఇరవై పెన్నీలు వేసి నోటికి టేపు బిగించిన గిలక.

మొదట ఆగాలి. వీపు చూపకూడదు, పరుగెత్తకూడదు. పరుగెత్తేదాన్ని తరమడం దాని పుట్టుకలోనే ఉంది. పసిపిల్లలుంటే నడుము వంచకుండా, చూపు జంతువు మీదే ఉంచి, మోకాళ్లు మడిచి ఎత్తుకోవాలి. చిన్న కుక్కనైనా అంతే. తర్వాత చేతులు పైకెత్తి, జాకెట్టు విప్పి రెండు వైపులా పరిచి పట్టుకుని, కళ్లలోకి చూస్తూ గట్టిగా అరవాలి. కీచుగా కేకపెట్టడం కాదు, బొంగురు గొంతుతో గద్దించాలి. ఏ భాషైనా ఒకటే. "పో! అవతలికి పో!" చాలు. గిలక ఆడించాలి, విజిల్ ఊదాలి, బంతిని దాని కాళ్ల ముందు నేలకు కొట్టాలి. తలకు గురిపెట్టొద్దు. గాయపరచడం మన ఉద్దేశం కాదు, గాయపడిన జంతువు ఇంకా ప్రమాదం.

ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు: అది నాలుగడుగులు వెనక్కి వేసి తిరిగి చూడగానే మనం ఆపేస్తాం. అది కనుచూపు దాటేదాకా ఆపకూడదు. సగంలో ఆపితే, కాసేపు ఓర్చుకుంటే చాలు వీళ్ల గోల ఆగిపోతుందని నేర్చుకుంటుంది. ఇదివరకు ఎవరూ అదిలించని జంతువు మొదట కదలకుండా చూస్తూ నిలబడుతుంది కూడా. అప్పుడు ఒకటి రెండు అడుగులు దాని వైపు వేయాలి. అయితే దానికి పారిపోయే దారి ఉండాలి. కంచెకూ మనకూ మధ్య ఇరుక్కుంటే ఎదురు తిరుగుతుంది. కారులో కూర్చుని హారన్ కొట్టడం వల్ల లాభం లేదు, బెదరాల్సింది మనిషికి, కారుకు కాదు. పొరపాటున మీద పడితే నేల మీద పడుకుని చచ్చినట్టు నటించొద్దు. నిలబడి మెడ, మొహం కాచుకుంటూ మూతి మీద, కళ్ల మీద కర్రతో, బూటుతో, చేతికందినదానితో కొట్టాలి. పడిపోతే వెంటనే లేవాలి.

కాలిబాట మీద నడిచే బృందానికి కొన్ని మాటలు. ముగ్గురికి తగ్గకుండా వెళ్లండి. పిల్లలు మధ్యలో, పెద్దవాళ్లు ముందూ వెనకా. ఫొటోల కోసం వెనకబడేవాళ్లూ, ముందు పరుగెత్తే పిల్లలూ తప్ప మిగతా వరస ఎప్పుడూ క్షేమంగానే ఉంటుంది. కాబట్టి చివర నడిచే మనిషిని ముందే నిర్ణయించండి. చేతికర్ర గట్టిదై ఉండాలి. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. కుక్క ఉంటే ఆరడుగుల మామూలు తాడు కట్టండి. సాగే తాడు వద్దు, అది పొద దాకా సాగాక వెనక్కి లాక్కోలేరు.

ఎలుగుబంట్లను తరమడానికి వాడే ఘాటైన బేర్ స్ప్రే కయోటీ మీద కూడా పనిచేస్తుంది, కానీ దాన్ని ముందు ఇంట్లో చేత్తో పట్టుకుని చూసుకోవాలి. భద్రతా క్లిప్ తీయడం, గాలి వాలు చూసుకోవడం, అయిదారు మీటర్ల దూరంలోకి వచ్చాక మూతి వైపు రెండు మూడు సెకన్లు కొట్టడం. సంచి అడుగున ఉంటే ఉన్నా లేనట్టే, నడుముకు ఉండాలి. దోమల మందులా ఒంటి మీదో గుడారం మీదో చల్లుకోకూడదు. ఒంటికి మంట, గుడారం మీది వాసనకు ఎలుగుబంట్లు కూడా వస్తాయి. విమానంలో చేతి సంచిలోనైనా చెక్-ఇన్‌లోనైనా అనుమతించరు, యొసెమిటీ పార్కులో అసలు నిషేధం.

క్యాంపింగ్‌లో గుడారంలోకి తిండి వెళ్లకూడదు. పిల్లల బిస్కెట్లు, మిక్చర్ పొట్లం, టూత్‌పేస్టు, పచ్చడి సీసా, కుక్క తిండి, అన్నీ కారు డిక్కీలో, అద్దాలు మూసి ఉండాలి. ఎలుగుబంట్లున్న చోట ఇనుప లాకర్‌లో. ఐస్ కూలర్ మూత కయోటీకి అడ్డు కాదు. చెప్పులు గుడారం బయట వదిలే అలవాటు మానుకోండి, చెమట వాసన తోలును కుక్కజాతి జంతువులు కొరికి ఎత్తుకెళతాయి. వాటికోసం చీకట్లో వెనకాల వెళ్లడం ఇంకా చెడ్డది. రాత్రి బాత్రూంకు పిల్లల్ని ఒంటరిగా పంపకండి, తలకు కట్టుకునే లైటు ఇవ్వండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామల గురించి సంఘాలే పట్టించుకోవాలి, వాళ్లకు ఈ సంగతులు చెప్పేవాళ్లు వేరే లేరు. కాలమానం తేడాకు నాలుగింటికే మెలకువ వస్తుంది, అయిదింటికి వాకింగ్ అని చెరువు చుట్టూ బయల్దేరతారు. అది కయోటీలు వేట ముగించుకుని పొదల్లోకి తిరిగి వెళ్లే వేళ. తెల్లవారాకే వెళ్లమనండి. చీకట్లోనే వెళ్లక తప్పకపోతే ఇద్దరుగా, వీధి దీపాలున్న దారిలో, చేతిలో టార్చి, మెడలో విజిల్. మనవణ్ణి స్ట్రోలర్‌లో తీసుకెళితే పక్కన బెంచి మీద కూర్చుని స్ట్రోలర్‌ను దూరంగా ఉంచొద్దు. పెరట్లో కాకికి ముద్ద పెట్టే ఆచారం ఉన్నవాళ్లను మానమనక్కర్లేదు. పగటిపూట ఎత్తైన బల్ల మీద పెట్టి, అరగంట కనిపెట్టుకుని, మిగిలింది లోపలికి తీసేయమనండి. పక్షుల గింజల డబ్బా కింద రాలినవి ఊడవాలి. గింజలకు ఎలుకలు, ఎలుకలకు కయోటీలు. పెరటి కంచె ఆరడుగులకు తక్కువైతే అవి దూకుతాయి, అడుగున సందుంటే తవ్వుతాయి.

కాటు పడితే. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి పదిహేను. ఇది మందు కంటే ముందు పనిచేసే వైద్యం. పసుపు, కారం, సున్నం పూయకూడదు. రక్తం ధారగా పోతున్నా, పసిపిల్లలైనా, మొహానికో మెడకో కాటైనా 911. ఫోన్లో చోటు చెప్పడానికి షెల్టర్ నంబరు, ట్రైల్ పేరు, మైలు రాయి ముందే రాసిపెట్టుకోండి. సిమ్ కంపెనీకి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 911 కలుస్తుంది. మిగతా కాట్లకు కూడా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, చిన్న గీతే కదా అని వాయిదా వేయొద్దు.

రేబిస్ సందేహం ఉంటే గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ అనే రక్షణ మందు ఇస్తారు. చేతికి టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 14 రోజులకు, మొత్తం నాలుగు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న పాత భయంతో చెప్పకుండా దాచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకు ఈ లెక్క చెప్పండి. దక్షిణ టెక్సస్‌లో 1988 నుంచి కయోటీల్లో రేబిస్ పాకితే, 1995 నుంచి విమానాల్లో టీకా ఎరలు చల్లి ఆ రకాన్ని తుడిచిపెట్టారు. అయినా స్కంకులు, రకూన్లు అనే అడవి జంతువుల నుంచి కయోటీలకు అంటుకునే అవకాశం మిగిలే ఉంది. రోగం లక్షణాలు కనిపించాక ఆపడం వైద్యుల చేతుల్లో ఉండదు. ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది కాబట్టి వచ్చిన తల్లిదండ్రుల విజిటర్ ఇన్సూరెన్స్‌లో అత్యవసర చికిత్స, రేబిస్ టీకాలు ఎంతవరకు ఉన్నాయో ప్రయాణానికి ముందే పిల్లలు చూసుకోవాలని మీ పత్రికల్లో రాయండి. కరిచిన జంతువు రంగు, వచ్చిన దిక్కు, వేళ యానిమల్ కంట్రోల్‌కు చెబితే పట్టుకుని పరీక్ష చేయగలరు.

ఒక్కటి మాత్రం అడగకండి. కయోటీ కనిపించగానే "పట్టుకెళ్లి దూరంగా వదిలేయండి" అని కౌన్సిల్‌కు సంతకాల అర్జీలు వెళుతున్నాయి. చాలా రాష్ట్రాల్లో అలా తరలించడం చట్టవిరుద్ధం. తరలించినవి పరాయి మందల హద్దుల్లో చిక్కి చాలావరకు చస్తాయి, ఖాళీ అయిన చోటికి కొత్తవి వస్తాయి. కరిచినదాన్ని, తరిమినదాన్ని తీసేయడం వేరు, అది అధికారుల పని. అర్జీ పెట్టాలనుకుంటే మూత బిగిసే చెత్త డబ్బాలకు, కాలిబాటల దగ్గర తెలుగులో కూడా బోర్డులకు పెట్టండి.

ఈ కింది నాలుగు మాటలు వనభోజనాలు మొదలయ్యే ముందు మైకులో ఒకసారి, భోజనాలయ్యాక ఇంకోసారి చదివించండి. వినసొంపైన గొంతున్న పెద్దవాళ్లెవరైనా చదివితే మేలు.

"అందరికీ నమస్కారమండీ. ఈ అడవిలో కయోటీలనే జంతువులున్నాయి. చూడ్డానికి కుక్కలా ఉంటాయి, కుక్కలు కావు. దయచేసి దేనికీ తిండి పెట్టకండి, మిగిలింది చెట్ల కింద వదలకండి, ఆకుపచ్చ చొక్కా వేసుకున్న శుభ్రత బృందం వాళ్లకు ఇవ్వండి. పిల్లలూ, కయోటీ కనిపిస్తే పరుగెత్తకండి. నిలబడి చేతులు పైకెత్తి గట్టిగా అరవండి, అరుస్తూ మెల్లగా పెద్దవాళ్ల దగ్గరికి వెనక్కి నడవండి. అమ్మలూ, నాన్నలూ, అయిదేళ్లలోపు పిల్లలు మీ చేతికందే దూరంలోనే ఉండాలి. విజిళ్లు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉన్నాయి, ఇంటికొకటి తీసుకోండి. మూడున్నరకల్లా అందరం కార్ల దగ్గర ఉందాం."

ఇట్లు,
అడవి దారులూ, వన్యప్రాణుల పనీ తెలిసిన కొందరు తెలుగువాళ్లం